క్రోటన్ సాగు: సలహాకు ముందు గుర్తింపు

ధర్పల్లి వంటి మండలంలో వ్యవసాయ విస్తరణ అనగానే వరి, మొక్కజొన్న, పసుపు గుర్తుకు వస్తాయి. ఇంటి ముంగిట పెరిగే అలంకరణ పొదకు ఆ వరుసలో చోటు దొరకదు. అయితే 2018 పంచాయతీరాజ్ చట్టం తరువాత తెలంగాణలో గ్రామ గ్రామాన నర్సరీలు ఏర్పడ్డాయి. పాఠశాలల్లోను, కార్యాలయాల ముందు క్రోటన్ పరిపాటి అయింది. కనుక ఈ మొక్కపై సలహా ఇవ్వడం కూడా విస్తరణ బాధ్యతే. ఆ సలహా పేరు దగ్గరే తడబడకూడదు.

నర్సరీలలో క్రోటన్‌గా అమ్మే రంగురంగుల పొద శాస్త్రీయంగా క్రోటన్ ప్రజాతికి చెందదు. లిన్నేయస్ 1753లో దీనిని ఆ ప్రజాతిలోనే చేర్చినా, తరువాతి శాస్త్రజ్ఞులు కోడియం వేరిగేటం అని వేరు చేశారు. పాత పేరు మాత్రం వాడుకలో నిలిచిపోయింది. గ్రీకు భాషలో క్రోటన్ అంటే పిడుదు. విత్తనపు ఆకారాన్ని బట్టి వచ్చిన పేరది. ఇవన్నీ ఆముదపు కుటుంబానికి చెందినవే.

అసలు క్రోటన్ ప్రజాతిలో రెండింటిని విద్యార్థులు తప్పక ఎరగాలి. ఒకటి క్రోటన్ బోన్‌ప్లాండియానస్. దక్షిణ అమెరికా నుండి వచ్చి, బీళ్ళలో, బాటల పక్కన పెరిగే కలుపు ఇది. రెండవది క్రోటన్ టిగ్లియం, అంటే వైద్య గ్రంథాలలోని నేపాళం. దీని విత్తనాల నూనె తీవ్ర విరేచనకారి, చర్మాన్ని పొక్కించే విషం. చిక్కేమిటంటే, కంచెలకు నాటే అడవి ఆముదాన్ని కూడా తెలుగులో నేపాళమనే పిలుస్తారు. దాని గింజలూ విషపూరితమే. పిల్లవాడు గింజలు తిన్నాడని తల్లి పరుగున వచ్చినపుడు, ఏ నేపాళమో చెప్పలేని సిబ్బంది వైద్యునికి ఏమి సమాచారం ఇవ్వగలరు?

గుర్తింపు కష్టమైనది కాదు. కోడియం ఆకులు దళసరిగా, నున్నగా, మెరుస్తూ ఉంటాయి. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులు కలగలిసి ఉంటాయి. నిజమైన క్రోటన్లలో ఆకు మొదట రెండు గ్రంథులు, భూతద్దంలో చూస్తే నక్షత్రాకారపు నూగు కనిపిస్తాయి. అడవి ఆముదపు ఆకు మూడు నుండి ఐదు తమ్మెలుగా చీలి ఉంటుంది. గింజ నల్లగా ఉంటుంది.

సాగు సలహా కూడా స్థలాన్ని బట్టి మారాలి. కోడియం ఇండోనేషియా, పసిఫిక్ దీవుల తేమ ప్రాంతాలది. కడియం వంటి గోదావరి తీరపు నర్సరీలలో పెరిగిన మొక్కను నిజామాబాద్ జిల్లా మే ఎండలోకి ఒక్కసారిగా తెస్తే ఆకు రాల్చుతుంది. కొన్ని వారాలు పాక్షిక నీడలో ఉంచి క్రమంగా వెలుగుకు అలవాటు చేయాలి. పూర్తి నీడలో రంగులు వెలవెలబోతాయి. విత్తనం ద్వారా తల్లి రంగులు నిలకడగా రావు కాబట్టి, తొలకరి తరువాత కొమ్మ కత్తిరింపులు గాని గాలి అంట్లు గాని మేలు. పాల స్రావం చర్మానికి పడదు గనుక కత్తిరించేవారికి చేతి తొడుగులు ఇవ్వాలి. పిండినల్లి, ఎర్రనల్లి కోసం ఆకుల అడుగుభాగాన్ని తరచు పరిశీలించాలి.

శాస్త్రీయ నామాలు రైతుకు భారమన్న వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. అయితే పసుపును కొమ్ముగా, మండగా వేరు చేసి అమ్ముకునే రైతుకు భేదం చూడడం కొత్త కాదు. ఆయనకు లాటిన్ పేరు అవసరం లేదు; ఆకును, గింజను పక్కపక్కన పెట్టి చూపితే చాలు. ఆ పేరు గుర్తుంచుకోవలసినది సలహా ఇచ్చేవారు. గ్రామ నర్సరీలోని ప్రతి మడి వద్ద వాడుక పేరు, శాస్త్రీయ నామం, విషపూరితమా కాదా అన్న మూడు వివరాలతో ఒక పలక ఉండాలి. దానికయ్యే ఖర్చు స్వల్పం. విస్తరణ విద్యార్థుల గ్రామీణ అనుభవ శిక్షణలో మొదటి పనిగా దీనిని అప్పగించవచ్చు.