పాత బొమ్మలకు కొత్త కళ

సంక్రాంతి కొలువుకు కొత్త బొమ్మలు కొనాలంటే మాటలా చెప్పండి! దశావతారాల సెట్టు ఒక్కటి కొన్నా నెల సరుకుల్లో కోత పడుతుంది. అలాగని పిల్లల సరదా కాదనలేం కదా. పాత సామాన్ల బండి మీద రంగు వెలిసినవీ, చెయ్యి విరిగినవీ కొయ్యబొమ్మలు కనిపిస్తే వదలకండి. బేరమాడి తెచ్చుకోండి.

అయితే రంగు సీసా మూత తీసేముందు ఒక జాగ్రత్త. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండొచ్చు. ఆ పొడి పసిపిల్లల మెదడుకు చేటు. అందుకని పాత రంగును పొడిగా గీకవద్దు. గట్టిగా ఉన్న రంగు జోలికి పోకండి. పెచ్చులు లేచిన చోట మాత్రం తడిపిన సాండ్ పేపరుతో రుద్ది, తడిగుడ్డతో తుడవండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఈ బొమ్మలు కొలువులో చూడ్డానికే, చంటిపిల్లల చేతికి మాత్రం ఇవ్వొద్దు.

విరిగిన చేతులకు కొండపల్లి వాళ్ల మక్కే మందు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బండి. ఆ పిండిని నీళ్లలో జిగురయ్యేదాకా ఉడికించి, మెత్తని రంపపు పొట్టు కలపండి. అతికించాక నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగుళ్లిస్తుంది.

రంగులు అయిదు చాలు: తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు, నీలం. ముందు తెలుపు పూత వేస్తే పై రంగులు మెరుస్తాయి. మందంగా ఒక్కసారి కాకుండా పలచగా రెండుసార్లు వేయండి, లేకపోతే చెక్కడం పూడిపోతుంది. బంగారు రంగు కొనక్కర్లేదు. పసుపులో కాస్త ఎరుపు, చిటికెడు నలుపు కలిపి నగలకు వేసి, ఉబ్బెత్తు చోట్ల లేత పసుపు గీత గీస్తే సరి. ముత్యాలకు చీపురుపుల్ల కొస, కళ్లకు సన్న బ్రష్షు. కళ్లు ఆఖర్న దిద్దాలి.

ఏ బొమ్మ ఏదో తెలియకపోతే దిగులెందుకు? మా భద్రాచలం దగ్గరి పర్ణశాల కథనే కొలువులో పెట్టేయండి. గడ్డం తాతకు కాషాయం కడితే సన్యాసి వేషంలో రావణుడు! మామూలు లేడికి పసుపు పూసి తెల్ల చుక్కలు పెడితే మాయలేడి! చుట్టూ నాలుగు ఎండుటాకులతో గుడిసె.

ఒక్క మాట. పాత కొండపల్లి బొమ్మ రంగు చెదరకుండా దొరికితే దాని మీద మన చెయ్యి పెట్టకూడదు. ఆ పనితనం మనకు రాదు. మిగిల్చిన డబ్బుతో ఏడాదికి ఒక్క బొమ్మైనా ఆ కళాకారుల దగ్గరే కొనండి. వాళ్ల ఉలి ఆగిపోతే, రేపు మన పిల్లలు రంగులు దిద్దుకోవడానికి పాత బొమ్మలు ఎక్కణ్ణుంచి వస్తాయి?