దరఖాస్తుల కంప్యూటర్‌లో ఆటలా?

దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ డైరెక్టర్ జనరల్ గారికి,

ఉద్యోగ నోటిఫికేషన్ పడిందంటే హైదరాబాద్ అశోక్‌నగర్ ఇంటర్నెట్ సెంటర్లలో నిలబడే చోటుండదు. చిక్కడపల్లి గ్రంథాలయం నుంచి, నారాయణగూడ హాస్టళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆధార్ నంబరు, కుల ధ్రువపత్రం, ఓటీపీ అన్నీ ఆ కంప్యూటర్‌కే అప్పగిస్తారు. రద్దీ లేనప్పుడు కొన్నిచోట్ల దానిమీదే గేములు.

చిక్కంతా అక్కడే. 2019 ఆగస్టులో స్టీమ్ గేమింగ్ క్లయింటులో ఒక లోపం బయటపడింది. ఆ క్లయింటు సర్వీసు విండోస్‌లో సిస్టమ్ స్థాయి అధికారంతో నడుస్తుంది. అది వాడే రిజిస్ట్రీ కీని మామూలు యూజరూ మార్చగలిగాడు. అక్కడో లింకు పెట్టి సర్వీసును మళ్లీ నడిపితే, అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండానే కంప్యూటరంతా గుప్పిట్లోకి వచ్చేది. ఈ లోపంపై వచ్చిన ఫిర్యాదును మొదట పరిధిలోకి రాదని తోసిపుచ్చారు. గోలయ్యాకే సరిదిద్దారు! 2016లో స్ట్రీట్ ఫైటర్ 5 అప్‌డేట్‌తో దిగిన డ్రైవరూ ఇలాంటి దారే తెరిచింది. ‘కస్టమర్లకు వేరే అకౌంటు ఇచ్చాం’ అన్న ధీమా వీటి ముందు నిలవదు.

సైబర్ ఘటనలను 6 గంటల్లో తెలపాలని 2022లో మీరు ఆదేశించారు. మంచిదే. కానీ సెంటరు నడిపే కుర్రాడికి మీ ఇంగ్లిష్ హెచ్చరికలు చేరవు. దరఖాస్తులు నింపే కంప్యూటర్‌లో గేములు ఉండరాదని, ఉన్నవాటిని తీసేయాలని తెలుగులో ఒక్క పేజీ సూచన ఇవ్వండి. వచ్చే నోటిఫికేషన్‌లోపు ఇవ్వండి.

ఇట్లు,
చిక్కడపల్లి వాసి