లోపమును వెదకుట కూడ విద్యయే

గడచిన వేసవి సెలవులలో మా యింట ఒక చిన్న బండి తయారైనది. దానిని లాగుటకు ఎద్దు లేదు, తోలుటకు మనిషి లేడు. తెల్లని అట్టమీద నల్లని గీత గీచి దానిపై నుంచినచో, ఆ గీత వెంబడి దారి చూచుకొని తానే పోవును. ఇట్టి యంత్రములను రోబోలనియు, తెలుగున మరమనుషులనియు పిలుచుచున్నారు. మా బండికి మనిషి రూపము లేదు. అయినను తన యెదుటనున్న దానిని గుర్తించి, దానికి తగినట్లు నడకను మార్చుకొనుటచేత అదియు ఆ జాతిలోనిదే. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి, పండుగలకు పెద్దలిచ్చిన డబ్బును కూడబెట్టి, బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోని ఒక అంగడిలో ఆ కిట్టును కొన్నది. బండి నడచిన సంగతిని చెప్పుటకు మేమీ వ్యాసమును వ్రాయుటలేదు. అది సరిగా నడవని ఆరు దినముల సంగతిని చెప్పుటకు వ్రాయుచున్నాము.

కిట్టు ఇంటికి వచ్చిన నాడే మా బంధువులలో ఒకరు పెట్టెను త్రిప్పి చూచి, "కాగితమంతా ఇంగ్లీషే గదా! మన తెలుగు మీడియం పిల్లలకు ఇవి ఎందుకు?" అనిరి. ఈ మాట మాకు క్రొత్త కాదు. ఈ హోసూరు ప్రాంతమున, బిడ్డను తెలుగు బడిలో చేర్చుటకు వెనుదీయు తల్లిదండ్రులు మాతో చెప్పునదియు ఇదియే. తెలుగు ఇంటికి చాలును, పెండ్లికి చాలును, పాటకు చాలును, యంత్రమునకు మాత్రము చాలదని వారి భయము. ఆ భయమును మేము చులకన చేయము. బిడ్డ బ్రతుకును గూర్చిన భయమది. కాని అది నిజము కాదని ఆ ఆరు దినములలో మాకు తెలిసినది.

ముందుగా ఆ బండి సంగతి కొంత చెప్పవలెను. దాని భాగములు ఎక్కువ కావు. ఒక ప్లాస్టిక్ పలక, పసుపుపచ్చని రెండు మోటార్లు, రెండు చక్రములు, ముందువైపు ఎటైనను దొర్లు చిన్న చక్రమొకటి, నేలను చూచు సెన్సార్లు రెండు, మోటార్లకు విద్యుత్తును అందించు డ్రైవరు పలక, అన్నిటికిని ఆజ్ఞలిచ్చు ఆర్డుయినో పలక. ఈ ఆర్డుయినో 2005వ సంవత్సరమున ఇటలీ దేశపు ఇవ్రియా పట్టణమున విద్యార్థుల కొరకు పుట్టినది. దాని నమూనాను దాచక అందరికిని ఇచ్చిరి గనుక అది నేడు ప్రపంచమంతట చౌకగా దొరకుచున్నది.

సెన్సారు కంటికి కనబడని పరారుణ కిరణమును నేలపైకి పంపును. తెల్లని అట్ట ఆ కిరణమును తిరుగగొట్టును, నల్లని గీత మ్రింగివేయును. రెండు సెన్సార్లు గీతకు ఇరుప్రక్కల నుండును. ఎడమ సెన్సారు క్రిందికి నలుపు వచ్చినచో బండి ఎడమకును, కుడి సెన్సారు క్రిందికి వచ్చినచో కుడికిని తిరుగవలెను. దాని తెలివి ఇంతియే.

మొదటి నాడు అన్నియు బిగించి మీట నొక్కగా, బండి ముందుకు పోక గానుగెద్దు వలె ఉన్నచోటనే తిరుగసాగెను. ఇంటిల్లిపాదియు నవ్వితిమి. అమ్మాయి మాత్రము ఒక పాత నోటుపుస్తకము తీసి, "ఎడమ చక్రము ముందుకు, కుడి చక్రము వెనుకకు తిరుగుచున్నవి" అని వ్రాసికొన్నది. ఇట్టి మోటారునకు పోవు రెండు తీగలను తారుమారు చేసినచో అది ఎదురు దిశకు తిరుగును. కుడి మోటారు తీగలను మార్చగానే ఆ లోపము తీరినది.

రెండవ నాడు వచ్చిన చిక్కు దీనికన్న పెద్దది. బండి జానెడు దూరము పోయి ఆగుచుండెను. పలకమీది దీపము ఆరి మరల వెలుగుచుండెను. మేము తొందరపడి, "పలక చెడినది, రేపు అంగడికి పోయి మార్చుకొని వత్తము" అంటిమి. దానికి అమ్మాయి, "ఉండు నాయనా, గాలిలో ఎత్తి పట్టుకుంటే చక్రాలు బాగా తిరుగుతాయి, నేలమీద పెడితేనే ఆగుతాయి. పలక చెడిపోయి ఉంటే గాలిలో ఎట్ల తిరుగుతాయి?" అని అడిగినది. మాకు జవాబు దోచలేదు.

కర్మాగారములో పనిచేయు పొరుగింటి ఆయనతో తమిళములో మాటలాడి ఆయన మల్టీమీటరును అడిగి తెచ్చినది. బండి కదలక యున్నప్పుడు బ్యాటరీ 9 వోల్టులకు దగ్గరగా చూపెను. చక్రములు నేలమీద కదలబోవగానే ఆ అంకె 5కు పడిపోయెను. మేము వాడినది చిన్న పెట్టెవంటి 9 వోల్టుల బ్యాటరీ. దానిలోపల ఆరు చిన్న ఘటములుండును. గోడ గడియారములో వేయు పెన్సిల్ సెల్లులను ఆరింటిని వరుసగా కూర్చినను 9 వోల్టులే వచ్చును. అయినను రెండును ఒకటి కావు. ఒకే ఎత్తున రెండు నీళ్ల తొట్లను నిలిపి, ఒకదానికి సన్నని గొట్టమును, ఇంకొకదానికి లావు గొట్టమును తగిలించినట్లు భావింపుడు. ఎత్తు సమానమే గాని వచ్చు నీరు సమానము కాదు. మోటారు గాలిలో తిరుగునపుడు కొద్ది విద్యుత్తు చాలును, బరువు లాగునపుడు ఎక్కువ కావలెను. చిన్న బ్యాటరీ అంత ఈయలేక క్రుంగిపోగా, ఆర్డుయినో ఆరి మరల మొదటినుండి ఆరంభించుచుండెను. ఆరు పెన్సిల్ సెల్లులు వేయగా బండి ఆగక నడచెను. మేము చెడినదన్న పలక నిక్షేపముగా నున్నది.

మూడవ లోపము వింతయైనది. రాత్రి నడిమింటిలో గీత తప్పక నడచిన బండి, తెల్లవారి వసారాలో పెట్టగా గీతను విడిచి పోయెను. "రాత్రి నడచినది, పగలు నడవలేదు. ఇంటిలో నడచినది, వసారాలో నడవలేదు" అని పుస్తకమున చేరినది. ఈసారి అమ్మాయి పగటిపూటనే బండిని ఇంటిలోనికి తెచ్చి నడిపి చూచినది. నడచినది. కావున చిక్కు పగటిలో లేదు, ఎండలో నున్నది. ఎండలోను పరారుణ కిరణములు మెండుగా నుండును. సెన్సారు తాను పంపిన కిరణమేదో, సూర్యుని కిరణమేదో తెలియక భ్రమపడినది. నల్లని కాగితముతో సెన్సార్లకు చిన్న గొడుగు కట్టి, వానిమీది చిన్న మరను త్రిప్పి సరిచేయుటకు రెండు దినములు పట్టినది. సెన్సారు అసలు కిరణమును పంపుచున్నదో లేదో అనేక సెల్‌ఫోను కెమెరాలలో చూడవచ్చును. మన కంటికి కనబడని ఆ వెలుగు అందులో లేత ఊదారంగు చుక్కగా కనబడును.

ఈ మూడు లోపములలో ఒక్కదానినైన మేము కనుగొనలేదు. కనుగొన్నది ఆ నోటుపుస్తకము. దానిలోని పద్ధతిని విద్యార్థుల కొరకు ఇచ్చట వివరించుచున్నాము. జరిగినదానిని జరిగినట్లు ఒక వాక్యమున వ్రాయవలెను. అది ఎప్పుడు జరుగుచున్నదో, ఎప్పుడు జరుగుటలేదో వ్రాయవలెను. ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. తీగను, బ్యాటరీని ఒకేసారి మార్చినచో, బండి నడచినను దేనివలన నడచినదో తెలియదు. ఫలితమును, అది వ్యర్థమైనదైనను, వ్రాసి పెట్టవలెను.

ఇప్పుడు అసలు మాటకు వత్తము. "గాలిలో తిరుగుచున్నవి, నేలమీద ఆగుచున్నవి" అను వాక్యమున కఠిన పదమొక్కటియు లేదు. పదేండ్ల బిడ్డ చెప్పగల మాట అది. అయినను సగము మరమ్మతు ఆ వాక్యములోనే యున్నది. అదే సంగతిని ఇంకను పట్టుపడని ఇంగ్లీషులో వ్రాయవలసి వచ్చియుండినచో, మా అమ్మాయి "నాట్ వర్కింగ్" అని రెండు మాటలు వ్రాసి ఊరకుండెడిది. ఆ రెండు మాటలలో గాలి లేదు, నేల లేదు, రాత్రి లేదు, పగలు లేదు. భేదములను చెప్పగల భాష ఉన్నచోటనే భేదములు కంటికి కనబడును. యంత్రమునకు ఏ భాషయు రాదు. దాని లోపమును వెదకు మనిషికి మాత్రము, తడబడక ఆలోచించుటకు ఒక భాష కావలెను. అది బిడ్డకు బాగుగా వచ్చిన భాషయే కావలెను.

ఇది క్రొత్త సంగతియు కాదు. మన పల్లెలలో పంపుసెట్టు నిలిచిపోయినప్పుడు రైతు ఏమనును? "మోటారు గుర్రుమంటున్నది గాని తిరగడం లేదు, కెపాసిటరు చూడవలె" అనును. విన్న చప్పుడునుబట్టి కారణము నూహించుట శాస్త్రము కాక మరేమి? మోటారు, కెపాసిటరు అను మాటలు ఆయన నోట ఏనాడో తెలుగులో కలిసిపోయినవి.

"భాగముల పేర్లు ఇంగ్లీషు, ప్రోగ్రాములోని ఇఫ్, ఎల్స్ ఇంగ్లీషు, కాగితము ఇంగ్లీషు, తెలుగుతో ఎంత దూరము పోగలరు?" అని అడుగువారు కలరు. న్యాయమైన ప్రశ్నయే. ఇంగ్లీషు నేర్వవద్దని మేమెన్నడును చెప్పము. కాగితమును చదువుటకు మా అమ్మాయియు నిఘంటువును ముందుంచుకొని కష్టపడినది, ఆ కష్టము పడవలసినదే. అంగడివాడు కన్నడమున చెప్పినది విన్నది, పొరుగాయనను తమిళమున అడిగినది. మూడు భాషల సంధిలో పుట్టిన మన పిల్లలకు అది భారము కాదు, బలము. కాని విన్నదానిని, చదివినదానిని, చూచినదానిని ఒకచోట కూర్చి ఆలోచించునపుడు ఆ పుస్తకము తెలుగులో నడచినది.

ఆ రోబో అను మాటయే ఇంగ్లీషులో పుట్టలేదని ఎందరికి తెలియును? చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమున అది మొదట వెలసినది. ఆ మాటను సూచించినవాడు ఆయన అన్నగారైన యోసెఫ్. చెక్ భాషలో రొబోతా యనగా వెట్టిచాకిరి. చెక్ మాటలాడువారు సుమారు ఒక కోటి. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. కోటిమంది భాష లోకమునకు మాట నీయగా, ఎనిమిది కోట్లమంది భాష ఒక బండి లోపమును వ్రాసికొనుటకు చాలదనుట ఎట్లు? 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి శాస్త్రములను తెలుగున అచ్చువేయించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు చదివినది మరాఠీ మాటలాడు నాగపురమున. పొరుగు భాషల నడుమ పెరిగినవారు తమ భాషను చిన్నదిగా చూడనక్కరలేదనుటకు ఆయనయే సాక్షి.

ఇచ్చట మా తప్పును కూడ ఒప్పుకొనవలెను. మేము పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయ శిక్షణము పొంది, ఇచ్చట ఇన్నేండ్లుగా తెలుగు చెప్పుచున్నాము. వసంత ఋతువును వర్ణింపుమని పిల్లలను ఎన్నిమార్లో అడిగితిమి. ఆగిపోయిన సైకిలును వర్ణింపుమని ఒక్కనాడును అడుగలేదు. తెలుగు యంత్రమునకు చాలదని తల్లిదండ్రులు తలచినచో, ఆ తలపునకు మా తరగతియు కొంత కారణమే. కావున ఈ సంవత్సరము మా తరగతులలో "లోపముల పుస్తకము"ను కూడ వ్యాసరచనగా పరిగణింపనున్నాము. కిట్టు లేనివారు సైకిలును, టార్చిలైటును, కుట్టుమిషనును గూర్చి వ్రాయవచ్చును. నలుగురు కలిసి ఒక కిట్టును కొన్నను మంచిదే.

తల్లిదండ్రులకు మా విన్నపము రెండే మాటలు. బిడ్డ చేతినుండి స్క్రూడ్రైవరును లాగుకొనవలదు. మీరు గడియలో సరిచేయగలిగినను, బిడ్డ మూడు దినములలో సరిచేసినదే బిడ్డకు దక్కును. రెండవది జాగ్రత్త. ఇంటి గోడలోని 230 వోల్టుల విద్యుత్తు జోలికి పిల్లలను పోనీయరాదు. బ్యాటరీ రెండు కొనలను తీగతో నేరుగా కలుపరాదు. ఏ భాగమైనను వేడెక్కినను, వాసన వచ్చినను వెంటనే బ్యాటరీని ఊడదీయవలెను.

ఇంతకు మా బండి కథ ముగియలేదు. చిన్న వంపులలో బాగుగనే పోవుచున్నది గాని, గీత మూలవలె మలుపు తిరిగినచోట ఇప్పటికిని దారి తప్పుచున్నది. "మెల్లగా పోయినప్పుడు నాలుగింట మూడుమార్లు తిరిగినది, వేగముగా పోయినప్పుడు ఒక్కమారును తిరుగలేదు" అని మొన్నటి పుటలో నున్నది. అటుపై పుట ఖాళీగా నున్నది. మన పాఠశాల విద్యార్థులలో ఎవరికైన కారణము తోచినచో తెలుగులో ఒక వాక్యము వ్రాసి ఈయవలసినదిగా కోరుచున్నాము.