మాకు మంచి సాయిబు వద్దు

తెలుగు కథలో, సినిమాలో మాకు చాలాకాలంగా రెండే వేషాలు. ఒకటి కత్తి పట్టిన తురకోడు. రెండోది కథానాయకుడి కోసం ప్రాణమిచ్చే మంచి సాయిబు. మొదటిది మమ్మల్ని అవమానిస్తోందని అందరికీ తెలుసు. రెండోది మా మీద ప్రేమతో వేసిన వేషం. అందుకే దాని గురించి మాట్లాడటం కష్టం. అయినా మాట్లాడతాం.

ఈ మంచి సాయిబును చూడండి. జట్కా తోలతాడు, లేదా పెద్దింటి తోటకు కాపలా కాస్తాడు. ఐదు పూటలా నమాజు చదువుతాడు. ‘నిమ్మల్కీ నమ్మల్కీ’ అంటూ నవ్విస్తాడు. ఊళ్లో అల్లర్లు జరిగితే పక్కింటి హిందూ పిల్లను తన ఇంట్లో దాస్తాడు. కథ ముగిసేలోగా చచ్చిపోతాడు. అతనికి భార్య ఉంటే ఆమెకు పేరుండదు. అప్పు ఎగ్గొట్టడు. గోడ కోసం అన్నదమ్ములతో తగాదా పడడు. కూతురి చదువు మాన్పించి రాత్రంతా నిద్రపట్టక దొర్లడు. అతను మనిషి కాదు. మా దేశభక్తికి మీరు అడిగిన జామీను.

1892లో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో గిరీశం అబద్ధాలకోరు. అగ్నిహోత్రావధాన్లు డబ్బు తీసుకుని చిన్నపిల్లను ముసలివాడికి కట్టబెట్టబోతాడు. వాళ్లను చూసి ఆ కులమంతా దేశం విడిచిపోవాలని ఎవరైనా అన్నారా? గిరీశాన్ని తలచుకుని తెలుగువాడు ఇప్పటికీ నవ్వుకుంటాడు. తప్పు చేసి కూడా మనిషిగా మిగిలే హక్కు గిరీశానికుంది. కథలో ఆ హక్కు మాకెందుకు లేదు?

అయితే తప్పంతా మీదేనని చేతులు దులుపుకోలేం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదును కూల్చారు. అప్పటికి మేం బడిపిల్లలం. 1998లో ‘జల్జలా’ వచ్చింది. నోరు తెరిచి గాయం చూపించడమే ఆనాటి అవసరం. ఆ గొంతుల వెంటే మేం కలం పట్టాం. కానీ గాయం చూపించీ చూపించీ, మేం రాసిన చాలా కథల్లో అబ్బాలంతా ఔలియాలయ్యారు, అమ్మీలంతా కన్నీటి కుండలయ్యారు. మీరు చేసిన మంచి సాయిబుకే మేం షేర్వాణీ తొడిగాం.

మాలో ఒకరు ఒక కథ రాశారు. అందులో తండ్రి బడిపంతులు. మీలాద్ సభలో ‘ఇస్లాంలో కులం లేదు’ అని గొప్పగా మాట్లాడతాడు. దూదేకుల కుర్రాడు బిడ్డను అడిగితే ఇవ్వనంటాడు. కొడుకు పెళ్లికి జోడేకీ రఖమ్ లెక్కపెట్టి తీసుకుంటాడు. కథ చదివి మా పెద్దలు, ‘ఇంటి గుట్టు బజారున పెడతావా బేటా, అసలే వాళ్లు కాచుక్కూచున్నారు’ అన్నారు. లౌకికవాది అయిన సంపాదక మిత్రుడు, ‘ఇది మతోన్మాదులకు ఆయుధమవుతుంది, చివర్లో తండ్రి మనసు మారినట్టు రాయండి’ అన్నాడు. కథ సొరుగులోకి వెళ్లింది.

ఆ భయం బూటకం కాదు. ఒక్కడు తప్పు చేస్తే బస్తీ మొత్తం జవాబు చెప్పుకోవాల్సిన చోట కలం వణుకుతుంది. కానీ మమ్మల్ని ద్వేషించేవాడు మా కథ కోసం ఎదురుచూస్తూ కూచోలేదు. వాడికి కావలసిన కథ వాడే అల్లుకుంటాడు. మరి మా మౌనం కాపాడేది ఎవరిని? రఖమ్ పుట్టక ఇంట్లోనే ఉండిపోయిన బిడ్డనా? దూదేకుల వాళ్లు ఎన్నడో బీసీ జాబితాలో చేరారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం ముస్లింలలోని వెనకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ సయ్యద్, మొఘల్, పఠాన్‌లను పక్కన పెట్టింది. సర్కారు కాగితం మీద ఉన్న తేడా మా కథలో లేదంటే ఎవరు నమ్ముతారు?

తప్పులు రాయమంటే తిట్టి రాయమని కాదు. మలయాళంలో వైకం మహమ్మద్ బషీర్ 1951లోనే దారి చూపాడు. ఆయన ‘మా తాతకో ఏనుగుండేది’ నవలలో ఇల్లు చితికిపోయినా ఆ తల్లి తన తండ్రి ఏనుగు గొప్పలు మానదు. చివరికి పిల్లలు ఆ ఏనుగును ఇసుకలో గుంట చేసుకునే పురుగుగా మార్చి ఎగతాళి చేస్తారు. ఆమెను చూసి నవ్వుతాం. ఆమె మీద జాలిపడతాం. అసహ్యించుకోం. బషీర్ ఆమెను దాచలేదు, బజారుకీడ్చలేదు. సొంత మనిషిని చూసినట్టు చూశాడు.

మా బడిపంతులూ అంతే. సగం జీతం చెల్లెలి మందులకు పోస్తాడు. పక్కింటివాళ్ల కరెంటు బిల్లు కట్టి ఎవరికీ చెప్పడు. ఆ చేత్తోనే రఖమ్ లెక్కపెడతాడు. ఈ రెండు పనులూ చేసేది ఒకే చెయ్యి అని రాయగలిగిన రోజున అతను మీకూ మాకూ తెలిసినవాడవుతాడు.

లౌకిక మిత్రులారా, మమ్మల్ని పొగడకండి, చూడండి. పెద్దలారా, మమ్మల్ని దాచకండి, చదవండి. సొరుగులోని కథ బయటికి తీస్తున్నాం. అందులో తండ్రి మనసు మారదు.