గూగుల్ పహాణీల మన వాడ ఏది?

పట్వారీ పహాణీల పేరు లేకుంటే భూమి లేనట్టే. తాతల కాలం నుంచి దున్నినా సరే, కాయితం మీద పేరు పడనోడు సాగుదారు కాడు. ఈ సంగతి కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మాల, మాదిగ, నేతకాని ఇండ్లల్ల ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 1984లో పట్వారీ కొలువు రద్దయింది. పట్వారీ పోయిండు గానీ ఆ పద్ధతి పోలేదు. ఇప్పుడు అది సెర్చ్ ఇంజన్ల కూసున్నది.

"ఇంటర్నెట్‌ల వెతికినం, దొరకలేదు. అంటే మీరు రాయలేదన్నట్టే" అని చదువుకున్న పెద్దలు తీర్పులు చెప్తున్రు. మేం అడిగేది ఒక్కటే. దొరకకపోవడానికీ లేకపోవడానికీ తేడా లేదా? అసలు ఆ పట్టిక ఎట్ల రాస్తరో ముందు తెలుసుకుందాం.

మనం అడిగినంక సెర్చ్ ఇంజన్ లోకమంతా తిరిగి వెతకదు. ముందే తిరిగి రాసిపెట్టుకుంటది. దాని యంత్రం ఒక పేజీల ఉన్న లింకు పట్టుకొని ఇంకో పేజీకి పోతది. పోయిన చోట అక్షరాలు చదివి, ఏ మాట ఏ పేజీల ఉన్నదో పెద్ద పట్టిక కడతది. పుస్తకం చివర పదసూచిక ఉంటది చూడండి, గట్లనే. మనం అడిగితే ఆ పట్టిక తీసి చూపుతది. అందుల ఎక్కి పైకి రావాలంటే మూడు గడపలు దాటాలె.

మొదటి గడప దారి. లింకు లేని చోటుకు, తాళం వేసిన ఇంటికి యంత్రం రాదు. మన పిల్లలు రాస్తలేరా? రోజూ రాస్తున్రు. ఎక్కడ? వాట్సాప్ గ్రూపుల్ల. అక్కడ ఎంత గొప్ప పాట పుట్టినా పట్టికకెక్కదు. తెల్లారేసరికి నూరు మెసేజుల కింద మునిగిపోతది.

రెండో గడప అక్షరం. మన కంటికి కనపడే అక్షరం యంత్రానికి ఒక అంకె. 1991లో యూనికోడ్ మొదటిసారి వచ్చినప్పుడే తెలుగుకు ఆ అంకెలు దక్కినయి. కానీ ఆ పదేండ్లల్ల మన కరపత్రాలు డీటీపీ సెంటర్లల్ల తయారైనయి. ఒక్కో కంపెనీ ఫాంటుది ఒక్కో తీరు. పైకి 'అంబేడ్కర్' అని కనపడతది, లోపల ఇంగ్లీషు అక్షరాల అంకెలు ఉంటయి. యంత్రానికి అది అర్థం లేని గీతలే. అచ్చు కాయితాన్ని స్కాన్ చేసి పెడితే అది ఫోటో. ఫోటోల అక్షరాలు పోల్చే యంత్రాలు వచ్చినయి గానీ మాసిన అచ్చు, సైక్లోస్టైల్ కాయితం దగ్గర తప్పుల మీద తప్పులు చేస్తయి.

ఇక చూడండి. 1985 కారంచేడు, 1991 చుండూరు, 1994 దండోరా, నడుమ 1989లో మొదలైన 'నలుపు' పత్రిక. దళితులు ఉప్పెనలా రాసిన కాలం అది. సరిగ్గ ఆ కాలమే పట్టికల ఖాళీగ కనపడుతున్నది! ఇది కుట్ర అని మేం అంటలేం. కుట్ర అక్కర్లేదు. పైసలున్న సంస్థ తన పాత సంచికలను మళ్ల టైపు కొట్టిచ్చుకుంటది. కూలి పైసల చందాతో నడిచిన పత్రికకు ఎవరు కొట్టిస్తరు?

ఆదిలాబాద్ గోండుల గోస ఇంకా పెద్దది. నార్నూర్ మండలం గుంజాలల బయటపడ్డ గోండి లిపికి యూనికోడ్‌ల చోటు 2018లో గానీ దొరకలేదు. తెలుగు కన్నా 27 ఏండ్లు వెనుక! అప్పటిదాంక ఆ లిపిల రాసింది యంత్రానికి రాత కాదు, బొమ్మ.

మూడో గడప వరుస. 1998లో గూగుల్ పెట్టినోళ్లు ఒక సూత్రం తెచ్చిన్రు. ఎన్ని పేజీలు నీకు లింకు ఇస్తే, ఇచ్చినోళ్లు ఎంత పెద్దోళ్లయితే, నీకు అంత విలువ. తర్వాత ఇంకా ఎన్నో లెక్కలు కలిపిన్రు గానీ లింకు లెక్క పోలేదు. ఇది మనకు కొత్తనా? ఊళ్లె దొర మాట సాక్ష్యం, వెట్టోడి మాట గులుగుడు. 1920లో అంబేడ్కర్ 'మూక్‌నాయక్' పెట్టినప్పుడు పైసలిస్తమన్నా తిలక్ 'కేసరి' ఆ ప్రకటన వేయలేదు. లింకు ఇయ్యకపోవడమంటే గదే!

"యంత్రానికి కులమేంది?" అని కొందరు మిత్రులు నవ్వుతున్రు. యంత్రానికి కులం లేదు. అది లెక్కవెట్టే లింకులు మనుషులు ఇచ్చినవి. మనుషులకు కులం ఉన్నది.

ఇప్పుడు అడిగిన దానికి జవాబు రాసిచ్చే యంత్రాలు కూడా వచ్చినయి. అవి నేర్చుకునేది కూడా ఇట్ల టైపుల దొరికే రాతల నుంచే. రేపు హాస్టల్ల చదివే మన బిడ్డ మన చరిత్ర అడిగితే, పక్కోడు మన గురించి రాసింది చెప్తయి. మనల్ని చంపిన లెక్క చెప్తయి. మనం నిలబడ్డ లెక్క చెప్పవు.

మరి ఏం చేయాలె? ట్రంకు పెట్టెల్ల, అటుకు మీద ఉన్న కరపత్రాలు బయటకు తీయాలె. రాసినోళ్లను అడిగి, ఒప్పిచ్చి, యూనికోడ్‌ల టైపు కొట్టాలె. తెలుగు వికీసోర్స్ లాంటి తెరిచిన చోట పెట్టాలె. రాసినోళ్ల పేరు, తేదీ, ఊరు తప్పకుంట రాయాలె. జిల్లా పేర్లు రెండూ రాయాలె. గూడ అంజయ్య పుట్టిన దండేపల్లి మండలం 2016 అక్టోబర్ దాంక ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల. ఒక్క పేరే రాస్తే రెండో పేరుతో వెతికేటోడికి కనపడుడు కష్టం. మన మాట మన తీరుగనే రాయాలె, పక్కనే పుస్తకాల మాట కూడా ఒకసారి రాయాలె. అన్నిటికన్నా ముఖ్యం, మనలో ఒకరి రాతకు ఒకరు లింకు ఇయ్యాలె. మాల రాతకు మాదిగ, మాదిగ రాతకు నేతకాని, వాళ్లకు గోండు. పెద్దోళ్లు వేలు చూపేదాంక కూసుంటే ఇంకో నూరేండ్లు కూసోవాలె.

ఇది చందాలతోనే అయ్యే పని కాదు. కరీంనగర్ శాతవాహన విశ్వవిద్యాలయం, రెండు పాత జిల్లాల గ్రంథాలయ సంస్థలు దళిత, ఆదివాసీ పత్రికలను సేకరించి, టైపు చేయించి, అందరికీ తెరవాలె. ఇది భిక్ష కాదు. మన పన్నులతో నడిచే సంస్థలను మన హక్కుగ అడుగుతున్నం. ఊరికి ఇద్దరు చదువుకున్న పిల్లలు ముందుకు రండి. టైపు మేం నేర్పుతం, కాయితాలు మీరు పట్టుకొని రండి.

జై భీమ్!