సర్టిఫికెట్టు సరే, జీతమేదీ?

మా ఊరి మాదిగపల్లెలో వేపచెట్టుకి ఒక రంగుల కాగితం అంటించారు. తెల్లకోటు వేసుకున్న పిల్ల నవ్వుతా ఉంది. కింద పెద్ద అక్షరాలు: వృద్ధుల సంరక్షణలో మీ భవిష్యత్తు, పది తప్పినా పర్లేదు, మూడు నెలల ఉచిత శిక్షణ, ఉచిత హాస్టలు, నూటికి నూరుపాళ్ళు ఉద్యోగం. నేను ఊరంతా తిరిగి చూశాను. రామాలయం గోడ మీద ఆ కాగితం లేదు. పెద్దోళ్ళ బజారులో లేదు. జూనియర్ కాలేజీ గేటు దగ్గర కూడా లేదు. మాలపల్లె చర్చి పక్కన ఒకటుంది, ఎస్టీ కాలనీ బోరింగు దగ్గర ఒకటుంది. అంటించినవాడికి దారి ఎవరు చెప్పారో గానీ, చేరాల్సిన చోటికే చేరాడు.

ఈ పని మనకి కొత్తా? నేను నాలుగో తరగతిలో ఉండగా ఊళ్ళో ఒక పెద్దింటాయన పక్షవాతంతో మంచాన పడ్డాడు. కొడుకులు పొగాకు వ్యాపారంలో తీరికలేని వాళ్ళు. కోడళ్ళు ముక్కు మూసుకున్నారు. మా అమ్మకి కబురు పెట్టారు. రెండేళ్ళు ఆయన మలమూత్రాలు ఎత్తింది, ఒళ్ళు తుడిచింది, గుడ్డలు ఉతికింది. దొడ్డిదారిన పోవాలి, దొడ్డిదారిన రావాలి. ఆయన ఒళ్ళు ముట్టుకోవచ్చు, ఆ ఇంటి నీళ్ళకుండ ముట్టుకోకూడదు. ఆయనకి దాహమైతే కోడలు ఎత్తినుంచి గ్లాసులో పోసేది, అమ్మ తాగించేది. ఆ గ్లాసు మళ్ళీ ఇంట్లోకి పోదు. మంచాన పడ్డాక ఆయన గ్లాసూ మా అమ్మ గ్లాసూ వసారాలో ఒకే మూల చేరాయి. సొంత ఇంట్లో ఆ పెద్దాయన కూడా అంటరానివాడయ్యాడని అప్పుడు నాకు అర్థం కాలేదు. ఏడాదికి రెండు బస్తాల జొన్నలు, ఒక పాతచీర. ఇదీ జీతం. ఆయన పోయిన రోజు శవం దగ్గరికి మా అమ్మని రానివ్వలేదు.

ఆ పనికి ఇప్పుడు ఇంగ్లీషు పేర్లొచ్చాయి. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అంట, హోమ్ హెల్త్ ఎయిడ్ అంట, కేర్‌గివర్ అంట. 2015 జులైలో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన పెట్టారు. కరోనాలో మనుషులు చాలక 2021 జూన్ 18న లక్షమందికి పైగా ఆరు రకాల పనులు నేర్పిస్తామని క్రాష్ కోర్సు మొదలుపెట్టారు. అందులో ఇళ్ళ దగ్గర రోగుల్ని చూసుకునే పని కూడా ఒకటి. అవసరం లేదనను. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో అరవై దాటినవాళ్ళు పది కోట్ల పైచిలుకు. పిల్లలు అమెరికాలో, బెంగుళూరులో. తల్లిదండ్రులు ఫ్లాట్లలో, ఓల్డేజి హోముల్లో. గిరాకీ పెరిగిన పనికి కూలి పెరుగుతుందని ఎకనామిక్స్ పాఠంలో నేనే చెబుతాను. ఆ సూత్రం మనోళ్ళ దగ్గరికొచ్చేసరికి ఎందుకు తిరగబడుతుందో ఆ పుస్తకంలో లేదు. ఇంకో చిత్రం చూడండి. ఢిల్లీలో ఎస్సీల సంక్షేమం, ముసలివాళ్ళ సంక్షేమం చూసే మంత్రిత్వశాఖ ఒకటే. దాని పేరు సామాజిక న్యాయం.

మా బళ్ళో చదివిన ఒక పిల్ల మూడేళ్ళ కిందట ఇలాంటి కాగితమే చూసి హైదరాబాదు పోయింది. పేరు రాయను, ఆ పిల్ల బతకాలి. పది లెక్కల్లో తప్పింది, అందులో నా తప్పు కూడా ఉంది. క్లాసులో ముప్పై ఇద్దరు. ఎవరు ఏ కులమో ఈ పిల్లే లెక్కపెట్టింది. ఇరవై ఆరుగురు ఎస్సీ, ఎస్టీలు. మిగతావాళ్ళు చాకలి, వడ్డెర, దూదేకుల పిల్లలు. నెల రోజులు ప్లాస్టిక్ బొమ్మ మీద నేర్పారు. తరవాత రెండు నెలలు 'ఆన్ జాబ్ ట్రైనింగ్' అని ఒక ఓల్డేజి హోములో రోజుకి పన్నెండు గంటలు పని చేయించారు. పైసా ఇవ్వలేదు, నేర్చుకుంటున్నావు కదా అన్నారు. ఆపైన ఒక ఏజెన్సీ తీసుకుని ఫ్లాటులో పెట్టింది. ఇరవై నాలుగ్గంటల డ్యూటీ. ఆధారు కార్డూ, మార్కుల లిస్టూ ఏజెన్సీ బీరువాలో ఉన్నాయి. ఇంటివాళ్ళు ఏజెన్సీకి నెలకి ఇరవై ఆరు వేలు కట్టారు. పిల్ల చేతికి పన్నెండు వేలు ముట్టాయి.

ఆ ఇంటావిడ మొదటి రోజే అడిగింది, "మీరెవరమ్మా?" అని. అంటే కులమేంటని. బీసీ అని చెప్పమని ఏజెన్సీ మేనేజరు ముందే నేర్పాడు. శిక్షణలో అదీ ఒక పాఠమన్నమాట! ఈ పిల్ల ఉన్నమాట చెప్పింది. మర్నాటి నుంచి వంటింట్లోకి రావొద్దన్నారు. కంచం, గ్లాసు వేరే పెట్టారు. ముసలమ్మకి ముక్కుగొట్టంలో జావ పోసేది ఈ పిల్లే, ఆ జావ కాసే పొయ్యి మాత్రం ముట్టుకోకూడదు. అది విన్నప్పుడు నాకు మా అమ్మ గ్లాసు గుర్తొచ్చింది. పల్లెటూరి వసారా నుంచి అయిదో అంతస్తుకి లిఫ్టులో పోయిందంతే.

తిరిగొచ్చాక ఆ పిల్లని సంఘం మీటింగుకి పిలిచాం. ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. "రెండు గంటలకోసారి పక్క మార్చాలి సార్" అని మొదలుపెట్టింది. "మడమలు, నడుము కింద, భుజం ఎముక, ముందు అక్కడ ఎర్రబడుద్ది. ఎర్రబడినప్పుడే చూడాలి. తోలు లేచిందంటే ఇంక ఆపలేం. ఎనిమిది నెలల్లో ఆ ముసలమ్మకి ఒక్క పుండు పడనియ్యలేదు. డాక్టరు వచ్చి చూసి ఎవరమ్మా చూస్తంది అని అడిగాడు." రెండు గంటలకోసారి అంటే రాత్రి కూడానా అన్నాను. రాత్రి కూడా అంది. మరి నువ్వెప్పుడు పడుకున్నావు అంటే నవ్వింది.

ఆ మీటింగులోనే మా అన్న ఒకాయన లేచాడు. పీతిగంపలు దించడానికి 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం తెచ్చుకున్నాం, మళ్ళీ బెడ్‌పానులెత్తడానికి పిల్లల్ని పంపుతామా, సిగ్గులేదా అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ అన్నని ఒకటే అడిగాను: నీ తల్లి రెండేళ్ళుగా మంచంలో ఉంది, ఎవరు ఎత్తుతున్నారు? చెప్పలేదు. వాళ్ళావిడ వెనక వరసలో కూర్చునుంది, తలెత్తి చూసింది.

పాయిఖానా గంప మోయడం ఏ మనిషీ చెయ్యకూడని పని. నీళ్ళ తొట్టి కట్టి, గొట్టం వేస్తే ఆ పని లేకుండా పోతుంది. దాన్ని ఎత్తెయ్యమని కొట్లాడాం, ఇంకా కొట్లాడుతున్నాం. మంచాన పడ్డ మనిషిని కడగడం అట్లాంటిది కాదు. దాన్ని ఏ చట్టమూ రద్దు చెయ్యలేదు. ఎవరో ఒకరు చెయ్యాలి. ఇంట్లో ఆడవాళ్ళే ఎందుకు చెయ్యాలి, బయట మన ఆడవాళ్ళే ఎందుకు చెయ్యాలి, ఏ జీతానికి చెయ్యాలి? అడగాల్సింది ఇవీ. బాబాసాహెబు 1936లో 'కులనిర్మూలన' రాసినప్పుడు కులం పనిని మాత్రమే కాదు, పని చేసే మనుషుల్నే విడగొట్టి ఒకరి మీద ఒకర్ని నిలబెట్టిందని వాదించాడు. పని మీద అసహ్యం పెంచుకుని మనం కూడా అదే నిచ్చెన ఎక్కుదామా?

నమ్మకపోతే నర్సుల సంగతి చూడండి. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. ఆమె ఆసుపత్రి 1898లో తెరిచారు. అట్లాంటి మిషను ఆసుపత్రుల్లో మన క్రైస్తవ ఆడపిల్లలు నర్సులయ్యారు. వాళ్ళెత్తిందీ ఆ మలమూత్రాలే, మార్చిందీ ఆ గుడ్డలే. కానీ మూడేళ్ళ చదువు, కౌన్సిల్ రిజిస్ట్రేషను, నెల జీతం, పెన్షను వచ్చాయి. ఒకప్పుడు మైల పని అని చీదరించుకున్న కులాల వాళ్ళే ఇవాళ కూతుళ్ళకి నర్సింగు సీటు కొని విదేశాలకి పంపుతున్నారు. పనిలో మైల పోయిందా? మలం మారలేదు, కాగితం మారింది.

అందుకే మనకిస్తున్న కాగితం ఏమిటో చదవాలి. అప్రెంటిస్‌షిప్ అనేది ఉత్తమాట కాదు, దానికి 1961 నాటి చట్టం ఉంది. యజమానికీ నేర్చుకునేవాళ్ళకీ మధ్య ఒప్పందం రాసుకోవాలి, సర్కారు దగ్గర నమోదు చెయ్యాలి. నెలనెలా స్టైపెండు ఇవ్వాలి. 2019 నిబంధనల్లో అయిదు నుంచి తొమ్మిది చదివినవాళ్ళకి 5,000, పది పాసైతే 6,000, ఇంటరైతే 7,000, డిగ్రీ అయితే 9,000 కనీసమని పెట్టారు. దాన్ని 6,800 నుంచి 12,300 దాకా పెంచమని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైము చేయించకూడదు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలి. ముసలి మనిషిని ఒంటిచేత్తో ఎత్తి నడుము పట్టేసిన పిల్లలున్నారు, అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మా పిల్లకి ఇవేవీ లేవు, ఎందుకంటే ఆమెతో ఎవరూ ఒప్పందమే రాయించలేదు. ట్రైనింగు అన్నారు, అప్రెంటిస్ అనలేదు. ఆ ఒక్క మాట అనకపోతే ఎంత మిగులుతుందో వాళ్ళకి తెలుసు.

అయితే చట్టం కూడా మన చుట్టమేం కాదు. 18వ సెక్షను చూడండి: అప్రెంటిస్ నేర్చుకునేవాడే గానీ కార్మికుడు కాడు, కార్మిక చట్టాలు వాడికి వర్తించవు. 22వ సెక్షను చూడండి: ఒప్పందంలో రాసుంటే తప్ప నేర్చుకున్నాక ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. పైగా 2016 పథకం కింద స్టైపెండులో పావువంతు, నెలకి 1,500 దాకా, సర్కారే భరిస్తుంది. పన్నెండు గంటలు మలం ఎత్తితే కార్మికురాలు కాదంట, చేతులు కట్టుకుని నిలబడ్డ సూపర్‌వైజరు ఉద్యోగంట! అదే చట్టంలో 3ఎ సెక్షను డెసిగ్నేటెడ్ ట్రేడుల్లో ఎస్సీ, ఎస్టీలకి సీట్లు రిజర్వు చెయ్యమంటుంది. ఫిట్టరు సీటుకీ, ఎలక్ట్రీషియను సీటుకీ మనం ఎన్ని అర్జీలు పెట్టుకున్నామో లెక్కలేదు. ముసలోళ్ళ గుడ్డలు మార్చేచోట మాత్రం అడక్కుండానే బెంచీలన్నీ మనవే.

ఇంగ్లండులో దీన్ని అడల్ట్ సోషల్ కేర్ అంటారు. అక్కడ అప్రెంటిస్‌గా చేరినవాళ్ళు చట్టం లెక్కన ఉద్యోగులే. జీతం యజమాని ఇస్తాడు, చదువు కూడా జీతమున్న పనిగంటల్లోనే. అప్రెంటిస్‌కి గంటకి కనీసం 7.55 పౌండ్లని 2025 ఏప్రిల్‌లో నిర్ణయించారు. రెండో స్థాయిలో చేరినవాళ్ళు మూడుకీ, అయిదుకీ పోవచ్చు. అప్రెంటిస్‌గానే నర్సింగు డిగ్రీ చేసే దారి కూడా ఉంది. స్వర్గమని చెప్పడం లేదు. అక్కడా ఇది చవక జీతాల పనే, అందుకే మనుషులు దొరక్క 2022 ఫిబ్రవరిలో బయటి దేశాలవాళ్ళకి వీసా తలుపు తీశారు. మన తెలుగు పిల్లలు కూడా ఏజెంట్లకి అప్పులు చేసి కట్టి పోయారు. కొందరికి దిగాక పనే లేదు. వందల కంపెనీల లైసెన్సులు రద్దయ్యాయి. 2025 జులై 22న కొత్తవాళ్ళకి ఆ తలుపు మూసేశారు. దొరల దేశమైనా ఏజెంటు ఏజెంటే. కానీ నేర్చుకునే మనిషి కూడా పనిమనిషే, జీతమివ్వాలి అన్న ఒక్క మాట అక్కడి చట్టంలో ఉంది. మన చట్టంలో అదే లేదు. ఆ మాట రాయించమని మన ఎమ్మెల్యేల్ని, ఎంపీల్ని ఎవరన్నా అడిగారా? రిజర్వుడు సీట్లో గెలిచినవాళ్ళని ముందు అడగాలి.

ఇక్కడ నిచ్చెనకి రెండో మెట్టు లేదు. 'పది తప్పినా పర్లేదు' అన్నది దయ కాదు, ఉచ్చు. ఏఎన్ఎం చదవాలన్నా, జీఎన్ఎం చదవాలన్నా ఇంటరు కావాలి. పదేళ్ళు ముసలోళ్ళని చూసుకున్న అనుభవానికి అక్కడ ఒక్క మార్కు కలపరు. పది తప్పిన పిల్ల అక్కడే ముసలిదవుతుంది. పిల్లల్ని పంపొద్దని నేననను. హాస్టల్లో ఉన్న ఏడాదిలో ఓపెన్ స్కూల్లో పదో ఇంటరో కట్టించే పూచీ ఎవరిదని అడగండి. ఒప్పందం తెలుగులో ఉందా అని అడగండి. స్టైపెండు ఎవరి ఖాతాలో పడుతుంది, రాత్రి డ్యూటీకి బదులు పగలు సెలవుందా, ఆధారు కార్డు ఎవరి దగ్గరుంటుంది? నీళ్ళు తమలాంటి వాళ్ళే తాగించినా కుండ ముట్టుకోవద్దనే ఇంట్లో పెడితే అట్రాసిటీ కేసు ఎవరు పెడతారు, ఏజెన్సీనా, మనమా?

ఆ పిల్ల చెల్లెలికి ఇప్పుడు పద్దెనిమిది నిండాయి. వేపచెట్టు కాగితం చూసి ఫారం తెచ్చుకుంది. ఇంగ్లీషులో నాలుగు పేజీలుంది, నా బల్ల మీద పెట్టిపోయింది. చదివాను. 'అప్రెంటిస్' అన్న మాట ఒక్కచోట కూడా లేదు. జీతం దగ్గర 'సంస్థ నిబంధనల ప్రకారం' అని ఉంది. మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు కట్టాలన్న సంగతి మాత్రం స్పష్టంగా ఉంది, ఉచితం అన్నారు గదా మరి!

ఆదివారం సాయంత్రం ఆ ఏజెంటు సంతకాల కోసం పల్లెకి వస్తానన్నాడు. చర్చి అరుగు మీద కూర్చోబెడతాం. పక్క ఊళ్ళ సంఘాలోళ్ళు కూడా రండి, ఆడవాళ్ళని వెంటబెట్టుకు రండి. మా అన్న ఈసారి వాళ్ళావిడని ముందు వరసలో కూర్చోబెడతానన్నాడు. అడిగేది మాత్రం పెద్దపిల్లేనంట, రెండు గంటలకోసారి ఎవరు లేస్తారో ముందు అది చెప్పమంటానంది.