ముసలివాళ్ళ బండి

మా అమ్మాయి క్లీవ్‌లాండు పరిసరాలలో కాపురముంటున్నది. 2024 జనవరిలో, పదిహేడేళ్ళ మనుమనికి మొదటి కారు కొనవలసి రాగా, ఇంచుమించు ఒకే ధరకు రెండు పాత బండ్లు ఎదుట నిలిచాయి. ఒకటి 2004 నాటి బ్యూక్ లెసేబర్, మరొకటి అదే ఏటి ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, పోలీసువారు వాడి వేలం వేసినది. మనుమడూ వాని మిత్రబృందమూ ఫోర్డుకే పట్టం కట్టారు. "లెసేబర్ ముసలివాళ్ళ బండి తాతయ్యా" అని తీర్పు కూడ ఇచ్చేశారు. ముసలివాణ్ణి కనుక ఆ తీర్పుపై అప్పీలు చేసుకొనే హక్కు నాకున్నది.

మిత్రులారా, వారి వాదంలో బలమే లేదనను. క్రౌన్ విక్టోరియాది ఎనిమిది సిలిండర్ల 4.6 లీటర్ల ఇంజను. లారీకి వలె విడిగా ఇనుప చట్రం. 2011లో తయారీ ఆగేవరకు పోలీసులకూ టాక్సీలవారికీ అదే పెద్ద దిక్కు. "పోలీసులే వాడారంటే ఎంత గట్టిదో!" అన్నది వారి హేతువు. నేను దానిని హేత్వాభాస మంటాను. జాతి గట్టిదైనంత మాత్రాన అందులో ప్రతి బండీ గట్టిది కానక్కరలేదు. పోలీసు బండి వీధి మూలన ఇంజను ఆపకుండా గంటల తరబడి నిలిచి ఉంటుంది. ఇంజను అరుగుతూనే ఉంటుంది, ఓడోమీటరు మాత్రం కదలదు. ఇక అది చూపే మైళ్ళ అంకె, అశ్వత్థామ విషయంలో ధర్మరాజు పలికినంత సత్యం!

ఆపైన ఈరీ సరస్సు మీదుగా వచ్చిపడే మంచు. ఫోర్డును వెనుక చక్రాలు నెడతాయి; బ్యూక్‌ను ముందు చక్రాలు లాగుతాయి. ఇంజను బరువు లాగే చక్రాలపైనే ఉన్నందున మంచులో పట్టు దొరుకుతుంది. కొత్తగా స్టీరింగు పట్టిన పిల్లవానికి ఇంతకన్న ఏమి కావాలి?

లెసేబర్‌కూ దోషమున్నది. దాని 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను దీర్ఘాయువే కాని, పైనున్న ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డు వేడికి చెడి, కూలంటు ఇంజను లోపలికి కారవచ్చు. మేము చూసిన బండికి అది మార్పించిన రసీదున్నది. ఆయిలు మార్పించిన ప్రతి తేదీనీ యజమానురాలు, ఎనుబదేళ్ళావిడ, చిన్న నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నది. ఆ కుదురైన దస్తూరి చూడగానే నాకు పక్షపాతం కలిగిందంటే కాదనను, జీవితమంతా కాపీలు దిద్దినవాణ్ణి. వేలంబండికి చీటీముక్క కూడ లేదు.

మనుమడు రెండు దినాలు నాతో మాటలాడలేదు. మూడవనాడు అమ్మ కారు అద్దంపై మంచు గీకుతూ, "తాతయ్యా, ఆ బ్యూక్‌లో హీటరు బాగా పనిచేస్తుందా?" అని అడిగాడు.